ఎడమ చేతికి రెండు డాట్లు

"పాత టైలరు తప్పు కుట్టాడు మేడమ్. నేను సరిచేసేశా," అంది నందిగామలో కొత్తగా లేడీస్ టైలరింగ్ షాపు పెట్టినమ్మాయి, జాకెట్టు నా ముందు పరిచి. "మీరిచ్చిన పాత జాకెట్టులో ఎడం చెయ్యి ఒకలా ఉంది, కుడి చెయ్యి ఒకలా ఉంది. ఎడం చేతికి మోచెయ్యి దగ్గర ఊరికే రెండు డాట్లు పట్టాడు. అవి మానేసి రెండు చేతులూ సమానంగా కుట్టా."

షాపులో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చీరలకి ఫాల్స్ వేయించుకోవడానికొచ్చి కూర్చున్నారు. అందులో పెద్దావిడ జాకెట్టు వైపు వంగి చూసి, "పెద్దాయనేమోలే పాపం, చెయ్యి తిరగలేదేమో," అంది.

తప్పు కాదమ్మా అనాలి నేను. ఆ ఒక్క మాటా నా నోటెమ్మట రాలేదు. "అయ్యుండొచ్చులే," అన్నా. అనేసి, కవరు తీసుకుని ఇంటికొచ్చేశా. ఇంట్లో అద్దం ముందు నిలబడి వేసుకోబోతే ఎడం చెయ్యి మోచెయ్యి దాకా వెళ్ళి అక్కడ ఆగిపోయింది. గట్టిగా తోస్తే కుట్టు పటపటమంది. సగం తొడిగిన జాకెట్టుతో మంచం మీద కూర్చుని నన్ను నేను తిట్టుకున్నా. పోయిన మనిషిని ముక్కూమొహం తెలీనివాళ్ళు తప్పుబడుతుంటే తలూపి వచ్చిన దాన్ని ఏమనాలి?

సంగతేంటంటే, నా ఎడమ మోచెయ్యి తిన్నగా రాదు. ఎనిమిదో ఏట గోడ మీంచి పడి విరిగింది. కట్టు కట్టించారు, ఎముక అతుక్కుంది, వంపు మాత్రం ఉండిపోయింది. చెయ్యి కిందికి వేలాడేసినా సగం మడిచినట్టే ఉంటుంది. నొప్పి లేదు, పనికి అడ్డం లేదు. బళ్ళో పిల్లలు నాకు పెట్టిన పేరు ఇక్కడ రాయను. ఆ పేరు విన్నరోజే మా అమ్మ నాకు పొడుగు చేతుల గౌన్లు కుట్టించింది. ఇప్పుడు నాకు యాభై దాటాయి, ఇంకా పొడుగు చేతులే. జగ్గయ్యపేట ఎండలో, సున్నపురాయి లారీల దుమ్ములో మణికట్టు దాకా కప్పుకుని తిరుగుతుంటే కాలేజీలో అందరూ "మేడమ్ స్టైలే వేరు" అంటారు. అననీ. ఎడం చేత్తో పుస్తకాలు గుండెకి ఆనించి పట్టుకుని నడుస్తా కాబట్టి అనుమానం కూడా రాదు. ఇన్నేళ్ళలో ఎవరికీ తెలీదనే నా నమ్మకం. మా టైలరు మాస్టరుకి తప్ప.

జగ్గయ్యపేట బస్టాండు వెనక సందులో ఆయన షాపు. షాపంటే ఇంటి వరండాకి షట్టరు బిగించుకున్నదే. ముందు ఆయనా, మిషనూ. పరదా వెనక వాళ్ళావిడ కూర్చుని కాజాలూ హుక్సూ కుట్టేది. నేను నందిగామ నుంచి రోజూ బస్సులో వచ్చి కాలేజీలో ఇంగ్లీషు చెప్పి పోయేదాన్ని. పాఠం చెప్పే నన్ను మేడమంటారు, కుట్టుపని చేసే ఆయన్ని మాస్టరంటారు, ఇదేం న్యాయం అని ఒకసారి అడిగా. "మీరు మనుషుల్ని దిద్దాలి కదండి, ఎంత దిద్దినా ఎవరూ ఒప్పుకోరు. నేను గుడ్డని దిద్దుతా, అది ఎదురు చెప్పదు. అందుకని నాకొచ్చిందండి ఆ పేరు," అన్నాడు.

కత్తెర ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. పొట్లం దారం తెంపుదామని నేనొకసారి అందుకోబోతే చెయ్యి మీద కొట్టినంత పని చేశాడు. "కాయితం, ప్లాస్టిక్కు, పొట్లం దారం, ఇవేవీ దానికి చూపించకండి మేడమ్. అలుగుద్ది," అన్నాడు. మొదటి కత్తిరింపుకి ముందు పెదాలు కదిలేవి, బిస్మిల్లా అనుకునేవాడు. ఆ తర్వాత కత్తెర ఆగేది కాదు. "వెనక్కొచ్చిన గుడ్డ నా షాపులో లేదండి," అన్నది ఆయనకున్న ఒకే ఒక్క గొప్ప. అది వారానికొకసారన్నా చెప్పుకునేవాడు. చెప్పిన రోజుకి జాకెట్టు ఇవ్వకపోవడం మాత్రం ఆ లెక్కలోకి రాదు. ఎప్పుడడిగినా "రేపు" అనేవాడు. శ్రావణమాసంలో అయితే ఆ "రేపు" అనడానికి కూడా తలెత్తేవాడు కాదు.

మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుండేది గానీ దాంతో ఆయన ఆడమనిషిని కొలవగా నేను చూళ్ళేదు. మా వైపు ఆడవాళ్ళు టైలరు దగ్గర టేపు పెట్టించుకోవడం తక్కువ. ఒంటికి సరిగ్గా కూర్చున్న పాత జాకెట్టు ఒకటి తీసుకెళ్ళి ఇస్తాం, దాన్ని ఆది అంటాం. ఆ ఆది తమ దగ్గరే ఉంచుకుని, అది చూసి కొత్తది కుడతారు. ఆ టేపుతో ఆయన కొలిచేది గుడ్డనీ, గుమ్మంలో పడుకునే పిల్లినీ. "పోయిన నెలకీ ఇప్పటికీ అంగుళం పెరిగిందండీ ఇది. ఎక్కడో గట్టిగా తింటంది," అని బెంగగా చెప్పేవాడు.

ఆది చేతికిస్తే ముందు తిరగేసేవాడు. లోపలి కుట్లు చూసి, వీధి వెలుతురుకి ఎత్తిపట్టి, ఎక్కడ పలచబడిందో ఎక్కడ లాగిందో వేలితో తడిమేవాడు. "అన్నీ చెప్తదండి గుడ్డ. మనం అడగాలంతే." ఏం చెప్పింది మాస్టర్ అంటే, "నాకు చెప్పింది మీకెందుకు చెప్తానండి?" అనేవాడు. ఇది నవ్వులాటకి అన్నది కాదు. ఓసారి ఒకావిడ వచ్చి తోటికోడలికి తెలీకుండా జాకెట్టు కుట్టించి ఇస్తానంది, కొలతలు మీ పుస్తకంలో ఉన్నాయిగా అంది.

"ఆవిడ ఆది ఆవిడే తేవాలండి," అన్నాడు.

"అబ్బా, సర్‌ప్రైజ్ అండి బాబూ!"

"సర్‌ప్రైజులు మీ ఇంట్లో చేసుకోండమ్మా. నా పుస్తకంలో కాదు."

ఆవిడ రుసరుసలాడుతూ వెళ్ళిపోయింది. ఆయన మళ్ళీ మిషను తొక్కుకున్నాడు.

నేను మొదటిసారి నా ఆది ఇచ్చినప్పుడు కూడా అలాగే తిరగేసి చూశాడు. కుడి చెయ్యి చూశాడు, ఎడం చెయ్యి చూశాడు, మళ్ళీ కుడి చెయ్యి చూశాడు. నాకు ఒళ్ళు మండింది. ఏమన్నా అడిగితే గుడ్డ లాక్కుని పోదామని సిద్ధంగా ఉన్నా. "వచ్చే సోమవారం రండి," అన్నాడంతే. సోమవారం కాదు, ఆ పై సోమవారం ఇచ్చాడనుకోండి. ఇంటికెళ్ళి వేసుకుంటే ఎడం చెయ్యి ఎక్కడా పట్టకుండా జారిపోయింది లోపలికి. అంతకుముందు ఏ జాకెట్టయినా మోచెయ్యి లోపలివైపు ముడతలు పడి, చంక కింద లాగి, సాయంత్రానికి చెయ్యంతా కమిలిపోయేది. విప్పి చూస్తే ఎడం చేతికి మోచెయ్యి వెనక రెండు చిన్న డాట్లు ఉన్నాయి. గుడ్డని కాస్త మడిచి లోపలికి పట్టి కుడతారే, అవి. వాటి వల్ల ఆ చెయ్యి దానంతటదే వంగి ఉంది, నా చెయ్యి ఎంత వంగుతుందో అంతే. కుడి చెయ్యి తిన్నగా ఉంది. వేసుకున్నాక పైనుంచి చూస్తే తేడా తెలీదు. నేను ఏమీ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ తర్వాత పదేళ్ళు నా జాకెట్లన్నీ అలాగే వచ్చాయి.

మా మధ్య ఇంగ్లీషు మాటల గొడవ ఎలా మొదలైందంటే, ఓరోజు నాలుగో "రేపు"కి నేను గట్టిగా అరిచా. బస్సుకి టైమవుతోంది, జాకెట్టుకి ఇంకా చేతులే అతకలేదు. ఆయన తాపీగా, "కోప్పడకండి మేడమ్. మీరు ఇంగ్లీషు చెప్తారంట కదా, నాకో సంగతి చెప్పండి. చెస్టు, వెయిస్టు అని చిన్నప్పటి నుంచి రాస్తన్నా. ఆ మాటలు ఎక్కడ పుట్టినయ్యండి?" అన్నాడు. నాకు తెలీదు. ఎమ్మే ఇంగ్లీషు చదివి, రోజూ పిల్లల్ని వాయించే నాకు తెలీదు! పౌరుషానికి ఇంటికెళ్ళి పెద్ద డిక్షనరీ తీశా.

మర్నాడు చెప్పా, చెస్ట్ అంటే మొదట్లో పెట్టె అని. గుండె, ఊపిరితిత్తులు దాచిపెట్టుకున్న పెట్టె. పరదా వెనక నుంచి వాళ్ళావిడ, "అందుకేనా మేడమ్ ఆడాళ్ళం పర్సు అక్కడే పెట్టుకునేది?" అంది. ముగ్గురం నవ్వాం. ఆయన మాత్రం సిగ్గుపడి సుద్దముక్క కోసం వెతుక్కున్నాడు, అది చెవి మీదే ఉంది.

అప్పటి నుంచి వెళ్ళినప్పుడల్లా ఒక మాట. రిస్ట్ అంటే మెలితిరిగేది అన్నా. కుళాయి తిప్పుతున్నట్టు మణికట్టు తిప్పి చూసుకుని, "నిజమేనండి," అన్నాడు. మజిల్ అంటే చిట్టెలుక, చర్మం కింద ఎలుక పరిగెత్తినట్టు కదులుతుందని పాతకాలం వాళ్ళు అలా పిలిచారు అన్నా. బక్కచేతి చొక్కా పైకి మడిచి, బిగించి, "మనది ఎప్పుడో కలుగులోకి పోయిందండి," అన్నాడు. భుజం అడిగాడు, మెడ అడిగాడు, చీలమండ అడిగాడు. తెలీనప్పుడు తెలీదనేదాన్ని. జాకెట్టులో లేని బొటనవేలు కూడా అడిగాడు. కొన్నాళ్ళకి నాకే తట్టింది, ఈయన ఒంట్లో ఉన్నవన్నీ అడిగాడు గానీ ఒక్క మోచెయ్యి అడగలేదని. తెలిసే మానేశాడు. నేనూ నోరెత్తలేదు.

ఒక శ్రావణమాసం. నేనూ, మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మేడమూ కలిసి వెళ్ళాం, ఆవిడా అక్కడే కుట్టించుకునేది. బల్ల మీద కవర్లు గుట్టగా పడున్నాయి. ఆవిడ తనదనుకుని ఒకటి లాగి, జాకెట్టు తీసి దులిపి, అందరి ముందూ ఎత్తిపట్టింది. నాది.

"ఇదేంటి మాస్టర్, రెండు చేతులూ రెండు రకాలుగా ఉన్నాయి? ఎవరిదిది?"

అది పొడుగు చేతుల జాకెట్టు. ఆవిడ ఒక్కసారి పక్కకి తిరిగి నన్ను చూస్తే చాలు. మాస్టరు మిషను ఆపి లేచాడు. ఆవిడ చేతిలోంచి జాకెట్టు తీసుకున్నాడు.

"ఎవరిదీ కాదండి, పాడుచేసిన ముక్క. చూసుకోకుండా తప్పు కుట్టా. విప్పి పారెయ్యాలి," అని మిషను కింద గుడ్డపేలికల్లోకి విసిరేశాడు.

"ఏంటి మాస్టర్, మీరు తప్పు కుట్టడం ఏంటి?"

"వయసైపోతుంది కదండి."

ఆ మర్నాడు స్టాఫ్‌రూములో ఇదే కబురు. మాస్టరుకి చెయ్యి వణుకుతోందట, ఎడం చెయ్యి కుడి చెయ్యి తేడా తెలీట్లేదట. ఆవిడ చెడ్డమనిషేం కాదు, చూసిందే చెప్పింది. ఇంకో ఇద్దరు మేడమ్స్, అయితే ఈసారి వేరేచోట ఇద్దామనుకున్నారు. నేను ఎర్ర పెన్నుతో పేపర్లు దిద్దుతూ తలొంచుకుని కూర్చున్నా. ఒక్క మాట చెప్తే పోయేది. ఎవరి పేరూ చెప్పక్కర్లేదు, ఆయన తప్పు కుట్టడు అంటే చాలు. ఎలా తెలుసు అని అడుగుతారేమోనని భయం. ఆరోజు ఆ పేపర్లు ఎలా దిద్దానో ఇప్పటికీ తెలీదు.

ఆ శనివారం ఒక్కదాన్నే వెళ్ళా. పేలికల్లోంచి తీసి ఇస్త్రీ చేసిన నా జాకెట్టు ఇచ్చాడు.

"ఎందుకలా అన్నారు మాస్టర్?" అన్నా.

"ఏమన్నానండి?"

"తప్పు కుట్టానని."

"నా తప్పయితే నాలుగు రోజులు చెప్పుకుని మర్చిపోతారండి. ఒంటి సంగతైతే మర్చిపోరు," అని దారం ఎక్కించుకుంటున్నాడు సూదికి. చెయ్యి ఏమాత్రం వణకలేదు. మొదటిసారికే ఎక్కింది.

క్షమించమంటే ఆయన ఇబ్బంది పడతాడు. "మీరొక మాట అడగలేదు మాస్టర్," అన్నా.

"ఏ మాటండి?"

"ఎల్బో."

సూది బల్ల మీద గుచ్చాడు. "మీరు చెప్తే వింటానండి," అన్నాడు, నా చేతి వైపు చూడకుండా.

చెప్పా. బో అంటే వంపు. ఎల్ అన్నది ఒకప్పుడు వాళ్ళు గుడ్డ కొలుచుకునే కొలత. మొదట్లో అది ముంజేయంత, మన మూరలాగే. తర్వాత దేశానికో రకంగా మారింది, ఒకచోట గజం కూడా దాటింది. రెండూ కలిపితే, ఆ కొలత వంగే చోటు.

ఆయన మొహం వెలిగిపోయింది. "గుడ్డ కొలతా! ఇన్నాళ్ళూ ఇవన్నీ డాక్టర్లు పెట్టిన పేర్లనుకున్నానండి. ఇది మావాళ్ళ మాటే!" అని పరదా వైపు తిరిగి, "విన్నావా, మోచేతికి పేరు పెట్టింది మా టైలర్లేనంట," అని కేకేశాడు. "అయితే ఆలస్యంగా పెట్టుంటారు," అంది వాళ్ళావిడ లోపల్నుంచి.

ఆయన తన చెయ్యి బల్ల మీద పెట్టి చాచాడు. కాసేపు దాన్నే చూసుకున్నాడు. తర్వాత మడిచాడు.

"చూడండి మేడమ్. చాపినప్పుడు మూర ఎక్కడ మొదలవుద్దో తెలీదు. చర్మం ముడతలంతే. మడిస్తేనే ఆ ఎముక బయటికొచ్చుద్ది. పూలమ్ముకునే ఆవిడైనా మడిచే కొలుస్తది. చెయ్యి వంగకపోతే కొలతే లేదండి."

ఆయన నా గురించి అన్నాడో, మూర గురించే అన్నాడో నాకు తెలీదు. అడగలేదు కూడా. నాకు మాత్రం ఏడుపొచ్చేసింది. ఎనిమిదో ఏట నుంచి ఎవరూ నా చేతిని మామూలు సంగతిలా మాట్లాడలేదు. అయ్యో అన్నవాళ్ళో నవ్వినవాళ్ళో, అంతే. నేను కొంగుతో మొహం తుడుచుకుంటుంటే ఆయన పిల్లిని పిలిచి దాని తోక కొలవడం మొదలుపెట్టాడు.

కొంచెంసేపటికి, "మరి మన మోచెయ్యిలో 'మో' అంటే ఏంటండి?" అన్నాడు.

"తెలీదు మాస్టర్."

"బాగుందండి. ఎక్కడో ఉన్న ఇంగ్లీషువాళ్ళ మోచెయ్యి పుట్టుపూర్వోత్తరాలు చెప్పారు, మన మోచెయ్యి సంగతి తెలీదా?"

"రేపు చెప్తా," అన్నా.

ఆయన అంతగా నవ్వగా నేనెప్పుడూ చూళ్ళేదు. ఆ 'మో' సంగతి ఇప్పటికీ కనుక్కోలేదు నేను.

మొన్న ఎండాకాలం సెలవుల్లో పోయాడు. కాలేజీ తెరిచాక వెళ్తే షట్టరు దించి ఉంది, పక్క షాపాయన చెప్పాడు. ఇంట్లోకి వెళ్ళా. వాళ్ళావిడ చాప మీద కూర్చుని ఉంది, పక్కన ఉతికి మడతపెట్టిన పాత జాకెట్ల దొంతర.

"ఎవరి ఆది వాళ్ళకి ఇచ్చేయమన్నాడు మేడమ్. పేర్లు రాయలేదు. నాకెట్టా తెలుస్తదంటే, వాళ్ళే గుర్తుపడతారు, నువ్వు ఏదీ విప్పి చూపించమాకు అన్నాడు." అని, దొంతర మధ్యలోంచి ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టింది, ఆయన నాకు మొదట కుట్టిన జాకెట్టే, తర్వాత నేను ఆదిగా ఇచ్చుంచింది. నాది ఏదో నేను ఇంకా చూపించనేలేదు. పదేళ్ళు నా జాకెట్లకి హుక్సు కుట్టినావిడకి తెలీకుండా ఎలా ఉంటుంది, నా పిచ్చిగానీ. ఇద్దరూ కలిసే దాచారు.

ఆ ఆదినే తీసుకెళ్ళి నందిగామలో ఆ అమ్మాయికిచ్చా. అది తప్పయిపోయింది అక్కడ.

కొత్త జాకెట్టు చేతికి ఎక్కని ఆ రాత్రి నిద్రపట్టక, పొద్దున్నే లేచి రెండు జాకెట్లూ సంచిలో పెట్టుకుని వెళ్ళా. ఆదివారం కదా, షాపు నిండా జనం. పెద్దావిడ ఫాల్స్ కోసం మళ్ళీ వచ్చింది. అమ్మాయి నన్ను చూసి, "సరిపోయిందా మేడమ్?" అంది నవ్వుతూ.

"సరిపోలేదమ్మా. పాత టైలరు తప్పు కుట్టలేదు," అన్నా. నా గొంతు నాకే పెద్దగా వినపడింది. మిషన్లు ఆగాయి. కుడి చేత్తో ఎడం చేతి గుడ్డ పైకి లాగబోతే బిగువుకి రాలేదు. మణికట్టు దగ్గర హుక్కు తీసి, మళ్ళీ లాగి, మోచెయ్యి పైదాకా మడిచి కటింగ్ బల్ల మీద పెట్టా. "నా చెయ్యి ఇలా ఉంటుంది. ఇంతకంటే తిన్నగా రాదు. ఆయన దీనికి తగ్గట్టు కుట్టాడు."

అందరూ చూశారు. చూసి ఏమనుకున్నారో నాకు తెలీదు. పెద్దావిడ మాత్రం కుర్చీ నా వైపు జరిపి, "కూర్చో అమ్మా," అంది.

అమ్మాయి టేపు తీసుకుని వచ్చింది. భుజం నుంచి మోచెయ్యి దాకా, మోచెయ్యి నుంచి మణికట్టు దాకా, వంపు లోపలా బయటా కొలిచి రాసుకుంది. చివరికి తలెత్తి, "ఆయన ఎన్నిసార్లు కొలిచేవాడండి?" అంది.

"ఒక్కసారి కూడా కొలవలేదు. పాత జాకెట్టు చూసి కుట్టాడు. మొదటిసారికే."

ఆ పిల్ల పాత జాకెట్టు తిరగేసి, వీధి వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూసింది. "లోపల ఎంత గుడ్డ మడిచాడో అర్థం కావట్లేదండి. ఇదొక్కటి రెండ్రోజులు ఉంచితే పైనుంచి చూసి నేర్చుకుంటా. విప్పన్లెండి, ఆయన కుట్టింది కదా."

నాకూ విప్పించాలని లేదు. ఆయన చేతి కుట్టు అది.

"విప్పమ్మా," అన్నా. "పైనుంచి చూస్తే ఏం తెలుస్తుంది? ఆయన తప్పు కుట్టలేదని నీకు తెలియాలి."

బ్లేడు తెచ్చి నా పక్కన కూర్చుంది. గుడ్డ కదలకుండా ఎవరన్నా పట్టుకోవాలి. నేనే పట్టుకున్నా, ఎడం చేత్తో.